గేరు పడని బండి

క్రిందటి సంచికలో వీలునామా గురించి రాస్తూ, ఈసారి పెన్షను లెక్కలు ముచ్చటించుకుందామని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నందుకు పాఠకులు మన్నించాలి. మొన్న ఉగాది సభలో కాఫీల దగ్గర మా కారు కథ నలుగురికి చెబితే, అందులో ఇద్దరు "మాకూ ఇదే అయిందండీ" అన్నారు. ఒకాయన నాలుగు లక్షలు కట్టానని చెప్పి, తన శ్రీమతికి మాత్రం చెప్పవద్దన్నారు. పెన్షను ఎక్కడికీ పోదు, ఈసారి గేరుబాక్సు సంగతి చూద్దామనుకున్నాను.

నేను మెకానిక్కును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కారు బానెట్టు ఎత్తితే నాకు తెలిసినవి రెండే: బ్యాటరీ, నీళ్ళు పోసే డబ్బా. కాబట్టి ఇది ఇంజనీరింగు వ్యాసం కాదు. ఖర్చు నెత్తిన పడ్డప్పుడు ఒక మామూలు సంసారి ఏం చేశాడు, ఎక్కడ పొరబడ్డాడు అనేదే ఇందులో ఉంటుంది.

పదకొండేళ్ళు మామూలు గేర్ల బండి నడిపాక 2018లో ఆటోమేటిక్ కారు కొన్నాం. సరదాకు కొన్నది కాదు. రోజూ బనశంకరి నుంచి బ్యాంకుకు వెళ్ళి రావడంలో క్లచ్చి తొక్కి తొక్కి నా ఎడమ మోకాలు మొరాయించింది. బెంగుళూరు ట్రాఫిక్కు మనకు కొత్తగా చెప్పాలా? టామ్‌టామ్ అనే సంస్థ 2022 సంవత్సరానికి వేసిన లెక్కలో, నగరం నడిబొడ్డున పది కిలోమీటర్లు పోవడానికి సగటున 29 నిమిషాలు పైగా పట్టి, మన ఊరు ప్రపంచంలోనే రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం లండనుది. అంత ట్రాఫిక్కులో ఎడమ కాలికి విశ్రాంతి దొరికితే చాలనుకుని, అన్నీ కలిపి పదమూడు లక్షల ఎనభై వేలు పోశాం.

2022లో వారంటీ ముగియబోతుండగా సర్వీసు సెంటరు అమ్మాయి ఫోను చేసింది. ముప్ఫై నాలుగు వేలు కడితే మరో రెండేళ్ళు పొడిగిస్తామంది. "ఇన్నాళ్ళలో ఒక్క బోల్టు ఊడలేదమ్మా, అక్కర్లేదు" అన్నాను. ఇంటికి ఇన్సూరెన్సు లేకపోతే ఎదుటివాడి లోను కాగితం కదలనివ్వని మనిషిని నేను. నా కారు దగ్గరికి వచ్చేసరికి ముప్ఫై నాలుగు వేలు ఆదా చేశానని మురిసిపోయాను.

2024 ఆగస్టులో ఒక ఉదయం. మా అమ్మకు శుక్లాల ఆపరేషను. ఎనభై రెండేళ్ళ మనిషి, అనంతపురం నుంచి అందుకోసమే వచ్చింది. కోరమంగల ఆసుపత్రిలో తొమ్మిదింటికల్లా ఉండాలి. డెయిరీ సర్కిల్ ఫ్లైఓవరు ఎక్కుతుండగా డాష్‌బోర్డు మీద గేరు గుర్తు మినుకు మినుకుమంది. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను గొంతు లేచింది గాని బండి కదలలేదు. కదలకపోగా మెల్లగా వెనక్కి జారింది. వెనక బస్సు. బ్రేకు తొక్కి పట్టుకుని కూర్చున్నాను. పోలీసు కానిస్టేబులు వచ్చి "గాడి సైడ్‌గె హాకి సార్" అన్నాడు. ఎలా వేయను? ఇద్దరు కుర్రాళ్ళు స్కూటర్లు ఆపి తోసిపెట్టారు. వాళ్ళ పేర్లు కూడా అడగలేదు.

మా ఆవిడ అమ్మను ఆటో ఎక్కించింది. ఎక్కుతూ అమ్మ అంది: "మీ నాయన సైకిలు చైను ఊడితే చేత్తో ఎక్కించుకునేవాడు. దీనికి చైను యాడుంది నాయనా?" నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఆపరేషను మాత్రం సవ్యంగా జరిగింది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

బండిని లారీ లాంటి వాహనం మీద ఎక్కించి సర్వీసు సెంటరుకు పంపాను. ఆటోమేటిక్ బండిని తాడు కట్టి లాగించకండి. చాలా రకాల్లో నడిపే చక్రాలు నేల మీద తిరిగితే లోపల ఇంకా పాడవుతుంది. మొత్తం పైకి ఎక్కించడమే క్షేమం.

మూడో రోజున ఎస్టిమేటు చేతికిచ్చారు. నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు. గేరుబాక్సు మొత్తం మార్చాలట. అందులో పన్నే లక్షా నాలుగు వేలు. అప్పట్లో కారు విడిభాగాలు చాలావాటి మీద జి.ఎస్.టి. 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అన్నిటికీ 18 శాతం చేశారు, మన తర్వాత పాడైన వాళ్ళు అదృష్టవంతులు.

"లోపల ఏ భాగం పోయింది బాబూ?" అని అడిగాను.

"అసెంబ్లీ మొత్తం సార్. విడి భాగం రాదు."

"ఎందుకు పోయింది?"

"మీరు నడిపే తీరు వల్ల కూడా అయి ఉండొచ్చు సార్. ట్రాఫిక్కులో ఎక్కువ వాడితే..."

ట్రాఫిక్కు కోసమే కదయ్యా ఈ బండి అమ్మింది అన్నాను. అతను కంప్యూటరు వైపు చూస్తూ "వారంటీ లేదు కదా సార్, కంపెనీ పాలసీ" అన్నాడు. కింద సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంది. నేను పెట్టలేదు, రెండు రోజులు గడువడిగి ఇంటికొచ్చాను.

మా ఆవిడ ఆ కాగితం చదివి ఒకే మాట అంది: "ఇది మన అక్టోబరు డిపాజిట్టు కదండీ." మా అమ్మాయి ఎం.టెక్. ఫీజు కోసం వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్టు అయిదు లక్షలు. తీసి పెట్టుకున్నట్టు సరిగ్గా దానికి సరిపోయే బిల్లు వచ్చింది.

ఇన్సూరెన్సు ఉంది కదా అంటారేమో. నేనూ అదే అనుకుని పాలసీ కాగితాలు తీశాను. మోటారు పాలసీ ప్రమాదానికి, దొంగతనానికి, అగ్నికి, వరదకు వర్తిస్తుంది. దానంతటది చెడిపోతే వర్తించదు. యాంత్రిక, విద్యుత్ లోపాలు, అరుగుదల మినహాయింపులని స్పష్టంగా రాసి ఉంటుంది. "ఇంజను, గేరుబాక్సు రక్షణ" అని అదనంగా ప్రీమియం కట్టించుకునేది కూడా సాధారణంగా నీళ్ళు దూరినప్పుడో, కింద రాయి తగిలి ఆయిలు కారిపోయినప్పుడో పనికొస్తుంది. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు వైపు నీళ్ళలో మునిగిన బండ్లకు పనికొచ్చేది అలాంటిదే. నా బండి ఏ నీళ్ళలోనూ మునగలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు ఒక కారణం. ఇంకొకటి "కంపెనీ పాలసీ" అన్న ఆ కుర్రవాడి గొంతు. ఎక్కడో విన్న గొంతులా అనిపించింది. తెల్లవారుజామున గుర్తుకొచ్చింది. అది నా గొంతే.

2004లో నేను ముళబాగిలు దగ్గర ఒక బ్రాంచిలో లోన్లు చూసేవాణ్ణి. అంతకు ముందు వాయిదా 180 రోజులు దాటితే మొండిబాకీ అనేవారు. 2004 మార్చి 31తో ముగిసిన సంవత్సరం నుంచి అది 90 రోజులయింది. పైనుంచి ఒత్తిడి. ఒక టాక్సీ ఆయన, తెలుగే మాట్లాడేవాడు, మూడు వాయిదాలు తప్పాడు. "గేరుబాక్సు పోయింది సార్, బాగు చేయించుకుంటే ఆర్నెల్లలో అంతా కట్టేస్తాను" అన్నాడు. చేతిలో మెకానిక్కు రాసిచ్చిన చీటీ ఉంది. నేను ఆ చీటీ చదవలేదు. "గేరుబాక్సు బ్యాంకుకు సంబంధం లేదు, రూలు రూలే" అన్నాను. నోటీసు వెళ్ళింది, బండి పోయింది. ఫైలులో "సాకులు చెబుతున్నాడు" అని రాసింది నా చేతే. గేరుబాక్సు పోవడం సాకు కాదని తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

సరే, తెల్లవారింది. బ్యాంకులో పాతికేళ్ళు చేసిన పనే చేశాను. ఒక తెల్ల కాగితం తీసి మధ్యలో గీత గీశాను.

కామర్సులో మొదట నేర్పే సూత్రం ఒకటుంది: పోయిన డబ్బును లెక్కలోకి తీసుకోకూడదు. పదమూడు లక్షల ఎనభై వేలు పోసి కొన్నామనే బాధ లెక్కకు పనికిరాదు. ఇప్పుడు ఎంత, ఇకమీదట ఎంత అనేదే ముఖ్యం. పాత కార్లు కొనేవాళ్ళను ఇద్దరిని అడిగాను. ఉన్నదున్నట్టు, కదలని బండిగా ఇస్తే లక్షా తొంభై వేలు. నడిచే స్థితిలో ఉంటే అయిదున్నర లక్షలు. తేడా మూడు లక్షల అరవై వేలు. బాగు చేయించే ఖర్చు దీనికి లోపల ఉంటే లాభం, మించితే నష్టం. సర్వీసు సెంటరు ఎస్టిమేటుతో నేను నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు పెట్టి మూడు లక్షల అరవై వేల విలువ కొంటున్నాను. అంటే లక్షా ఇరవై ఆరు వేలు చేతులారా పోగొట్టుకోవడం. ఈ లెక్క వేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు లేకుండా సంతకం పెట్టేవాళ్ళే ఎక్కువ.

అయితే మూడో దారి ఏమైనా ఉందా? మా బ్యాంకు డ్రైవరు ఒక పేరు చెప్పాడు. జె.సి. రోడ్డు వెనక సందులో చిన్న గ్యారేజీ. విడిభాగాల దుకాణాలకు ఆ రోడ్డు పెట్టింది పేరని మీకు తెలిసిందే. గ్యారేజీ యజమానికి నలభై ఏళ్ళుంటాయి. నా కన్నడం నాలుగు మాటలు వినగానే "మనోళ్ళేనా సార్? మాది హిందూపురం" అన్నాడు. నాకు సగం జబ్బు అక్కడే నయమైంది.

బండిని మళ్ళీ ఎక్కించి అక్కడికి చేర్చాను. పరీక్ష ఖర్చు కింద సర్వీసు సెంటరువాళ్ళు అయిదు వేల తొమ్మిది వందలు కట్టించుకున్నారు. హిందూపురం ఆయన స్కానరు తగిలించి, వచ్చిన కోడ్లు ప్రింటు తీసి నా చేతిలో పెట్టాడు. సర్వీసు సెంటరులో రెండుసార్లు అడిగినా ఇవ్వని కాగితం అది.

"గేరుబాక్సు బాగానే ఉండాది సార్. దాని మెదడు పన్జేయడం లేదు" అన్నాడు.

ఆయన చెప్పినది నాకు అర్థమైనంతవరకు చెబుతాను. ఆటోమేటిక్ అని మనం ఒకే పేరుతో పిలుస్తాం గాని మన దేశంలో అమ్మేవి ముఖ్యంగా నాలుగు రకాలు. ఒకటి టార్క్ కన్వర్టరు రకం. అందులో ఇంజను బలాన్ని ఆయిలు ద్వారా గేర్లకు అందిస్తారు. అమెరికాలో 1940 మోడలు ఓల్డ్స్‌మొబైలు కార్లతో ఇంటింటికీ వచ్చిన ఆటోమేటిక్ కూడా ఆయిలుతో బలం అందించేదే, ఆ కుటుంబానికి పెద్దన్న. రెండోది సి.వి.టి. పళ్ళ గేర్లకు బదులు రెండు కప్పీల మధ్య బెల్టు. మూడోది ఎ.ఎం.టి. మామూలు గేరుబాక్సే, మన బదులు ఒక యంత్రం క్లచ్చి తొక్కి గేరు మారుస్తుంది. 2014లో మారుతి సెలేరియోతో మన మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది ఇదే. నాలుగోది రెండు క్లచ్చీల రకం. ఒక క్లచ్చి 1, 3, 5 గేర్లను, రెండోది 2, 4, 6 గేర్లను చూసుకుంటుంది. ఒకటి నడుస్తుండగానే రెండోది తరువాతి గేరు సిద్ధంగా పెట్టుకుంటుంది. అందుకే కుదుపు లేకుండా వెన్నలా మారుతుంది.

మాది ఈ నాలుగో రకం. అందులోనూ కొన్నిటిలో క్లచ్చీలు ఆయిలులో మునిగి ఉంటాయి, కొన్నిటిలో పొడిగా ఉంటాయి. పొడివి తేలిక, పెట్రోలు ఆదా. కాని బండి ఆగుతూ కదులుతూ ఉంటే వేడెక్కుతాయి. ఈ క్లచ్చీలను, గేర్లను ఆడించేది ఒక కంట్రోలు పెట్టె. అందులో ఒక సర్క్యూటు బోర్డు, చిన్న పంపు, ఆయిలు ఒత్తిడి నిలవ చేసే ఒక గిన్నె లాంటి భాగం ఉంటాయి. మా బండిలో ఆ గిన్నె కూర్చునే చోట లోహం పగిలి ఆయిలు ఒత్తిడి పడిపోయింది. ఒత్తిడి లేకపోతే క్లచ్చి పట్టదు. క్లచ్చి పట్టకపోతే ఇంజను ఎంత అరిచినా చక్రం తిరగదు. గేర్లకు, క్లచ్చీలకు ఏ లోపమూ లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి అడిగారన్నమాట.

ఆయన ఇంకొకటి కూడా చెప్పాడు, అందుకే నాకు నమ్మకం కలిగింది. "బోర్డు కూడా పోయింటే ఇంకో నలభై వేలు అవుతాది సార్. విప్పితే గాని చెప్పలేను. విప్పినాక ఫోను చేస్తా, మీరు ఊ అంటేనే ముట్టుకుంటా." బోర్డు పోలేదు. అయిదు రోజుల్లో బండి నడిచింది. అన్నీ కలిపి ఎనభై ఎనిమిది వేల అయిదు వందలు, ఆర్నెల్ల గ్యారంటీ, పాత భాగం ఒక సంచిలో వేసి వెనక్కి. ఆ పగిలిన ముక్క ఇప్పుడు మా ఇంట్లో పుస్తకాల మీద బరువుగా ఉంది.

ఈలోగా కంపెనీ హెడ్డాఫీసుకు ఉత్తరం రాశాను. రెండు ముక్కల్లో కుదరదన్నారు. బ్యాంకు ఉద్యోగినయ్యే, ఊరుకుంటానా? ఆరేళ్ళ సర్వీసు బిల్లులు, కోడ్ల ప్రింటు జతచేసి మళ్ళీ రాశాను. ఈసారి, మొత్తం మార్పిస్తే విడిభాగాల ఖర్చులో పాతిక శాతం తగ్గిస్తామన్నారు. లెక్క వేశాను: మూడు లక్షల డెబ్భై రెండు వేల నాలుగు వందలు. మన గీత మూడు లక్షల అరవై వేలు. ఇంకా పన్నెండు వేలు ఎక్కువే. దండం పెట్టి వదిలేశాను. కాని పాఠం గుర్తుంచుకోండి. వారంటీ ముగిసినా, సర్వీసు క్రమం తప్పకుండా చేయించి ఉంటే కంపెనీలు కొంత ఖర్చు భరించడం ఉంది. అడగనివారికి ఎవరూ ఇవ్వరు, ఫోనులో అడిగితే లెక్కలోకి రాదు. కాగితం మీద అడగాలి.

"నడిపే తీరు" అనే మాట దగ్గర ఒక కబురు చెప్పాలి. ఆస్ట్రేలియాలో ఫోర్డు కంపెనీ రెండు క్లచ్చీల బండ్ల మీద ఇలాగే ఫిర్యాదులు వచ్చాయి. మాది ఆ కంపెనీ బండి కాదు. కుదుపు మీ డ్రైవింగు వల్లే అని కొందరు కొనుగోలుదారులకు చెప్పారు. అక్కడి వినియోగదారుల సంస్థ కోర్టుకు వెళ్ళింది. ఫిర్యాదులు చేసినవాళ్ళతో వ్యవహరించిన తీరు అన్యాయమని 2018 ఏప్రిలులో ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. కాబట్టి ఎవరైనా మీ కాలి మీద నెపం పెడితే వెంటనే తల దించుకోకండి. ఏ ఆధారంతో అంటున్నారో రాసిమ్మనండి.

మన దగ్గరా చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. చెల్లించిన వెల యాభై లక్షల లోపయితే జిల్లా కమిషనులోనే వేయవచ్చు. అయిదు లక్షల వరకు ఫీజు లేదు. పది నుంచి ఇరవై లక్షల మధ్యయితే నాలుగు వందలు. ఇంటి నుంచే ఈ-జాగృతి ద్వారా దాఖలు చేయవచ్చు. ముందుగా సలహా కావాలంటే 1915కు ఫోను చేయవచ్చు. కాని కారణం పుట్టిన రెండేళ్ళ లోపల వేయాలి. బండి తయారీలోనే లోపం ఉందని చెప్పాలంటే నిపుణుడి నివేదిక దాదాపు తప్పనిసరి. ఒక మారుతి కారు క్లచ్చి కేసులో, వారంటీ ప్రకారం మార్చవలసింది పాడైన భాగాన్నే గాని కారును కాదని సుప్రీం కోర్టు 2006లో చెప్పింది. నేను వేయలేదు. ఎనభై ఎనిమిది వేలకు తిరగడం కన్నా అమ్మ కంటి చుక్కలు వేళకు వేయడం ముఖ్యమనిపించింది. నాలుగు లక్షలు కట్టిన ఆయన మాత్రం ఆలోచించవలసిందే.

ఇక మన ఇళ్ళలో ఆటోమేటిక్ బండి ఉన్నవాళ్ళకు నాలుగు మాటలు. మీది ఏ రకమో ముందు తెలుసుకోండి. వారంటీ ముగిసే తేదీ క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి, పొడిగింపు సాధారణంగా ఆ లోపలే ఇస్తారు. ఎస్టిమేటు వస్తే భాగం, కూలి, పన్ను విడివిడిగా రాయించుకోండి. కోడ్ల ప్రింటు, పాత భాగం అడిగి తీసుకోండి. ఎత్తు మీద బండిని యాక్సిలరేటరుతో నిలబెట్టకండి, బ్రేకు వాడండి. ట్రాఫిక్కులో అంగుళం అంగుళం జరగకుండా ముందు కాస్త ఖాళీ ఏర్పడ్డాక కదలండి. ఆ ఖాళీలో ఆటోవాడు దూరతాడు, దూరనివ్వండి. నాలుగు లక్షల కన్నా చవక.

అక్టోబరులో డిపాజిట్టు నుంచి ఫీజు కట్టాం. అమ్మ ఇప్పుడు అనంతపురంలో అద్దాలు లేకుండా పంచాంగం చదువుతోంది. బండి ఆ తర్వాత పద్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది. గేరు గుర్తు మళ్ళీ మినుకుమనలేదు గాని, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు నేను ఇప్పటికీ దాని వైపే చూస్తాను.

క్రిందటి నెల మా బ్రాంచికి ఒక క్యాబు కుర్రవాడు వచ్చాడు. రెండు వాయిదాలు బాకీ. గేరుబాక్సు పోయిందన్నాడు, చేతిలో చీటీ ఉంది. కూర్చోమని, ఆ చీటీ పూర్తిగా చదివాను. ఏ భాగమని అడిగాను, ఇంకొక గ్యారేజీలో చూపించమని హిందూపురం ఆయన చిరునామా ఇచ్చాను. వాయిదాలు సర్దుబాటు చేయమని నోటు రాసి పైకి పంపాను. మంజూరు అయింది. రూలు రూలే, కాని రూలులోనే అందుకు చోటుంది. 2004లోనూ ఎంతో కొంత ఉండే ఉంటుంది, నేను వెతకలేదు.

ముళబాగిలు ఆయనకు ఈ పత్రిక అందదు. అందినా నా పేరు గుర్తుంటుందో లేదో. గుర్తున్నా ఆశ్చర్యం లేదు.

వచ్చే సంచికలో తప్పకుండా పెన్షను లెక్కలే.